మోనోక్లోనల్ యాంటీబాడీలతో ఉపకళా కణజాలంలో కెరాటిన్‌ను గుర్తించడం ఎలా?

ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ (కణజాలంలోని ప్రోటీన్లను యాంటీబాడీలతో పట్టి రంగుతో చూపే పద్ధతి) నేర్చుకునేవారు చాలామంది తొలి ప్రయత్నం కెరాటిన్ మీదే చేస్తారు. చర్మం ముక్క మీద చేస్తే గోధుమ రంగు నిండుగా పడుతుంది కాబట్టి పని పట్టుబడిందనే అనిపిస్తుంది. అదే స్లైడు మీద కాలేయం ముక్కను కూడా పక్కన పెట్టి చూస్తే, చర్మం గోధుమ రంగులో మెరుస్తూ ఉండగా కాలేయ కణాలు నీలంగానే మిగిలిపోవడం తరచుగా కనిపిస్తుంది. ఈ తేడా ఎందుకు వస్తుందో అర్థమైతే కెరాటిన్ పరీక్షలో సగం అర్థమైనట్లే. అందుకే ఇక్కడ చెప్పే విధానమంతా ఆ కాలేయం ముక్కను దృష్టిలో ఉంచుకునే సాగుతుంది. ఫార్మలిన్‌లో స్థిరీకరించి పారఫిన్ మైనంలో పోసిన కణజాలం మీద, ఏఈ1/ఏఈ3 అనే జంట మోనోక్లోనల్ యాంటీబాడీతో, ఆటోమేటిక్ యంత్రం లేకుండా చేత్తో చేసే పద్ధతి ఇది.

యాంటీబాడీ సీసా తెరిచే ముందు

కెరాటిన్ అనేది ఒక్క ప్రోటీన్ పేరు కాదని ముందుగా గుర్తుంచుకోండి. మనిషిలో 54 కెరాటిన్ జన్యువులు పనిచేస్తాయి. వాటి నుంచి వచ్చే ప్రోటీన్లు సుమారు 10 నానోమీటర్ల మందం గల తంతువులుగా అల్లుకుని, ఇంటికి దూలాలూ వాసాలూ ఎలాగో ఉపకళా కణానికి (శరీరపు ఉపరితలాలనూ అవయవాల లోపలి గోడలనూ కప్పే పొరలోని కణానికి) అలా లోపలి నుంచి బలాన్నిస్తాయి. వీటిలో ఆమ్ల స్వభావం గలవి ఒక తెగ, క్షార లేదా తటస్థ స్వభావం గలవి మరొక తెగ. ఒక్కొక్క తెగ నుంచి ఒక్కొక్కటి వచ్చి జతకడితేనే తంతువు తయారవుతుంది. చర్మంలో అడుగు పొర కణాల్లో కె5, కె14 జంటగా ఉంటాయి. పై పొరలకు వెళ్లేసరికి కె1, కె10 వస్తాయి. అన్నవాహిక వంటి మెత్తని శ్లేష్మపొరల పై వరుసల్లో కె4, కె13 ఉంటాయి. పేగు, గ్రంథులు, కాలేయం వంటి ఒంటివరుస ఉపకళల్లో కె8, కె18 ప్రధానం. 1982లో రోలాండ్ మోల్, వెర్నర్ ఫ్రాంకె బృందం వీటిని 19 సైటోకెరాటిన్ల జాబితాగా వర్గీకరించింది. 2006లో పేర్లను సవరించి కె అక్షరంతో పిలవడం మొదలుపెట్టారు. కాబట్టి మీ సీసా మీద సైటోకెరాటిన్ 8 అని ఉన్నా, కొత్త వ్యాసంలో కె8 అని ఉన్నా రెండూ ఒకటే.

1975లో కోహ్లర్, మిల్‌స్టీన్ హైబ్రిడోమా పద్ధతిని కనిపెట్టిన తరువాత ఒకే ఎపిటోప్‌ను (యాంటీబాడీ అతుక్కునే ప్రోటీన్ భాగాన్ని) పట్టుకునే యాంటీబాడీని కావలసినంత తయారుచేసుకోవడం సాధ్యమైంది. ఈ ఏకాగ్రతే మోనోక్లోనల్ యాంటీబాడీ బలం, బలహీనత కూడా. అది తన గురిని తప్ప మరొకదాన్ని చూడదు; ఆ ఒక్క గురి ఫార్మలిన్ వల్ల మూసుకుపోతే ఇక దేన్నీ చూడదు.

ఇప్పుడు కాలేయం సంగతికి వద్దాం. ఏఈ1 అనే క్లోన్ (ఒకే కణపు సంతతి నుంచి వచ్చిన యాంటీబాడీ) ఆమ్ల తెగలో కె10, కె14, కె15, కె16, కె19లను గుర్తిస్తుంది గానీ కె18ను గుర్తించదు. ఏఈ3 క్లోన్ క్షార తెగలో కె1 నుంచి కె8 వరకు అన్నింటినీ గుర్తిస్తుంది. చర్మంలో ఈ రెండు క్లోన్లకూ కావలసినంత మేత ఉంటుంది. కాలేయ కణంలో మాత్రం ఉన్నవి కె8, కె18 రెండే, అవీ కొద్ది మోతాదులోనే. కె18ను ఏఈ1 చూడదు కాబట్టి కాలేయ కణం రంగు తేలడమంతా ఏఈ3 కె8ను పట్టుకోవడం మీదే ఆధారపడి ఉంటుంది. పైగా ఈ మిశ్రమంలో ఏఈ1 పాలు ఎక్కువ, ఏఈ3 పాలు తక్కువ. సాధారణంగా అమ్మేవి 20:1 నిష్పత్తిలో ఉంటాయి. అందువల్ల యాంటీబాడీని కాస్త ఎక్కువ పలుచన చేసినా, వేడి చేయడం కాస్త తగ్గినా ముందుగా దెబ్బతినేది ఏఈ3 వంతే. చర్మం మాత్రం ఎప్పటిలాగే మెరుస్తూ మిమ్మల్ని మోసం చేస్తుంది.

కణజాలం సిద్ధం చేసుకోవడం

శస్త్రచికిత్సలో తీసిన ముక్క గంటలోపు ఫార్మలిన్‌లోకి చేరేలా చూడండి. వాడవలసినది 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్. అంటే అందులో అసలు ఫార్మాల్డిహైడ్ సుమారు 4 శాతం. ద్రవం ముక్క కంటే కనీసం పది రెట్లు ఉండాలి. చిన్న ఇంజెక్షన్ సీసాలో పెద్ద ముక్కను కుక్కి, పైన రెండు చుక్కల ఫార్మలిన్ పోసి పంపేవారు ఇప్పటికీ ఉన్నారు. అలా వచ్చిన ముక్క అంచు బాగా స్థిరపడి లోపలి భాగం కుళ్లిపోయి ఉంటుంది. అటువంటి ముక్కలో అంచులు మాత్రమే రంగు పట్టుకుంటే ఆశ్చర్యపడనక్కరలేదు. ముక్కను 3 నుంచి 4 మిల్లీమీటర్ల మందంగా కోసి, 6 గంటలకు తగ్గకుండా, 72 గంటలు మించకుండా ఫార్మలిన్‌లో ఉంచండి.

పారఫిన్ బ్లాక్ నుంచి 3 లేదా 4 మైక్రాన్ల సెక్షన్లు (పలుచని పొరలు) కోసి, పాలీ-ఎల్-లైసిన్ పూసిన లేదా చార్జ్ చేసిన స్లైడ్ల మీదకు ఎక్కించండి. మామూలు స్లైడ్ల మీద ఎక్కించిన సెక్షన్ తరువాత వేడి నీటిలో అప్పడంలా లేచిపోతుంది. వాటర్ బాత్‌ను ప్రతి బ్లాక్‌కూ మధ్య టిష్యూ పేపరుతో తుడవండి. కెరాటిన్ పరీక్షలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే మీ వేలి నుంచి రాలిన చర్మపు పొలుసు నీటి మీద తేలి సెక్షన్ మీద పడితే అది కూడా నిండుగా గోధుమ రంగు పట్టుకుంటుంది. లింఫ్ గ్రంథిలో క్యాన్సర్ కణాల కోసం వెతుకుతున్నప్పుడు అటువంటి పొలుసు ఎంత గందరగోళం చేస్తుందో చెప్పనక్కరలేదు. కేంద్రకం లేకుండా, సెక్షన్ కంటే కాస్త పై తలంలో కనిపించేది సాధారణంగా అదే. ఫోకస్ మరను కొద్దిగా తిప్పి చూస్తే తేలిపోతుంది. స్లైడ్లను 60 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక గంట ఓవెన్‌లో ఉంచి ఆరనివ్వండి.

కంట్రోల్ ముక్కలను (ఎలా రంగు పట్టాలో ముందే తెలిసిన ముక్కలను) కూడా ఇదే సమయంలో సిద్ధం చేసుకోండి. ఒక బ్లాక్‌లో కాలేయం, చర్మం లేదా అన్నవాహిక, టాన్సిల్ పక్కపక్కన పోసి ఉంచుకుంటే ప్రతి స్లైడు చివరా ఆ ముక్కను ఎక్కించవచ్చు. సరైన ఫలితంలో కాలేయ కణాలన్నీ కణద్రవ్యంలో తేలికపాటి నుంచి మధ్యస్థమైన రంగు, కణపు అంచుల వద్ద కాస్త గాఢంగా చూపాలి. పిత్తనాళాలు ముదురు గోధుమ రంగులో ఉండాలి, ఎందుకంటే వాటిలో కె7, కె19 కూడా ఉంటాయి. టాన్సిల్‌లో పై పొర ఉపకళ రంగు పట్టి, లింఫోసైట్లు నీలంగానే మిగలాలి. దీనితోపాటు రోగి కణజాలం మీదే మొదటి యాంటీబాడీ బదులు అదే రకానికి, అదే గాఢతకు చెందిన, కెరాటిన్‌ను పట్టుకోని ఎలుక ఐజీజీ (ఒక తరగతి యాంటీబాడీ) వేసిన మరో స్లైడు ఉండాలి. ఏఈ1, ఏఈ3 రెండూ ఐజీజీ1 రకానివి కాబట్టి ఆ రకాన్నే వాడండి.

ద్రావణాలు

మూడే ద్రావణాలు ముఖ్యం. కడగడానికి ట్రిస్ బఫర్డ్ సెలైన్: లీటరు నీటికి ట్రిస్ 6.05 గ్రాములు, ఉప్పు 8.76 గ్రాములు, పీహెచ్ 7.6, ట్వీన్ 20 (సబ్బులాంటి ద్రవం) అర మిల్లీలీటరు. యాంటీజెన్ రిట్రీవల్‌కు (ఫార్మలిన్ కప్పేసిన గురిని తిరిగి బయటపెట్టడానికి) ట్రిస్-ఈడీటీఏ: లీటరుకు ట్రిస్ 1.21 గ్రాములు, డైసోడియం ఈడీటీఏ 0.37 గ్రాములు, పీహెచ్ 9.0, ట్వీన్ అర మిల్లీలీటరు. పోల్చి చూడదలిస్తే సిట్రేట్: లీటరుకు ట్రైసోడియం సిట్రేట్ 2.94 గ్రాములు, పీహెచ్ 6.0. డిస్టిల్డ్ నీరు తప్పనిసరి. బోరు నీటిలోని లవణాలు పీహెచ్‌ను ఎటు లాగుతాయో ఊహించలేం. ఈ ద్రావణాలు పాడవకుండా ఉండాలని సోడియం అజైడ్ కలిపే అలవాటు ఉంటే మానుకోండి. చివర్లో గోధుమ రంగును తెచ్చే పెరాక్సిడేజ్ ఎంజైమును అజైడ్ అణచివేస్తుంది. నేను ఈ పొరపాటు చేసి, కంట్రోళ్లతో సహా ఆ రోజు స్లైడ్లన్నీ తెల్లబోతే, కారణం తెలియక యాంటీబాడీ సీసానే అనుమానించాను.

స్లైడు మీద పని

మొదట జైలీన్‌లో రెండుసార్లు, ఒక్కొక్కసారి 5 నుంచి 10 నిమిషాలు ఉంచి మైనం పూర్తిగా కరిగించండి. తరువాత ఆల్కహాల్‌ను గాఢమైనది నుంచి పలుచనిదానికి దింపుకుంటూ నీటికి చేర్చండి. మైనం ఏమాత్రం మిగిలినా అక్కడ రంగు పట్టదు. మచ్చమచ్చలుగా రంగు పడిన స్లైడు కనిపిస్తే ముందుగా చూడవలసింది ఎన్నాళ్లుగానో మార్చని మీ జైలీన్ జాడీనే.

అసలు ప్రాణం తరువాతి అడుగులో ఉంది. ఫార్మాల్డిహైడ్ ప్రోటీన్ల మధ్య వంతెనలు కట్టి ఎపిటోప్‌ను కప్పేస్తుంది. పూర్వం ట్రిప్సిన్, పెప్సిన్ వంటి ఎంజైములతో ఆ కప్పును తొలగించేవారు. 1991లో షాన్-రాంగ్ షీ బృందం మైక్రోవేవ్ వేడితో యాంటీజెన్‌ను తిరిగి బయటపెట్టవచ్చని చూపిన తరువాత పద్ధతి మారింది. ఏఈ1/ఏఈ3 విషయంలో నా అనుభవం చెప్పేది ఒక్కటే: పీహెచ్ 9 ట్రిస్-ఈడీటీఏలో వేడి చేయడమే మేలు. ఎంజైముతో చేసినప్పుడు చర్మం బాగానే వస్తుంది గానీ కాలేయం వెలవెలబోతుంది. పైగా ఫార్మలిన్‌లో ఎక్కువ రోజులున్న ముక్కకు ఎంజైము చాలదు, తక్కువ రోజులున్నదాన్ని అదే ఎంజైము తినేస్తుంది.

వేడి చేయడానికి 95 నుంచి 98 డిగ్రీల వాటర్ బాత్‌లో 20 నుంచి 30 నిమిషాలు ఉంచవచ్చు. అది లేనివారికి వంటింటి స్టెయిన్‌లెస్ స్టీల్ ప్రెషర్ కుక్కర్ చక్కగా పనికొస్తుంది, అయితే ఆ కుక్కర్ మళ్లీ వంటింటికి వెళ్లకూడదు. బఫరును ముందే మరిగించి, వేడిని తట్టుకునే రాక్‌లో స్లైడ్లను దించి, మూత పెట్టి, పూర్తి ఒత్తిడి వచ్చాక 2 నుంచి 3 నిమిషాలు గడియారం చూసి లెక్కపెట్టండి. పప్పుకు వేసినట్లు విజిళ్ల లెక్క ఇక్కడ పనికిరాదు. ఒత్తిడి దించాక స్లైడ్లను అదే బఫరులో 20 నిమిషాలు నెమ్మదిగా చల్లారనివ్వండి. సెక్షన్ ఆరిపోకుండా చూడటం ఇక్కడి నుంచి చివరి వరకు మీ బాధ్యత.

చల్లారిన స్లైడ్లను ట్రిస్ బఫర్‌తో కడిగి, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 10 నిమిషాలు వేయండి. ఎర్ర రక్తకణాల్లోనూ ఇసినోఫిల్స్‌లోనూ సహజంగా ఉండే పెరాక్సిడేజ్ లాంటి చర్య దీనితో ఆగుతుంది. మళ్లీ కడిగి, సెక్షన్ చుట్టూ హైడ్రోఫోబిక్ పెన్నుతో గీత గీయండి. తరువాత 5 శాతం సాధారణ సీరమ్ లేదా తయారుగా దొరికే ప్రోటీన్ బ్లాక్ 10 నిమిషాలు వేసి, కడగకుండా వంచి పారబోయండి.

ఇప్పుడు మొదటి యాంటీబాడీ. గాఢ రూపంలో వచ్చిన ఏఈ1/ఏఈ3ను తయారీదారు చెప్పిన పలుచనతో పాటు దానికి రెట్టింపు గాఢత, సగం గాఢత కూడా పరీక్షించి మీ ప్రయోగశాలకు తగినదాన్ని నిర్ణయించుకోండి. ఉదాహరణకు 1:50, 1:100, 1:200 మూడూ ఒకే రోజు, ఒకే కంట్రోల్ బ్లాక్ మీద వేయండి. ఎంచుకోవలసింది చర్మం అందంగా వచ్చిన పలుచనను కాదు. కాలేయ కణాలన్నీ రంగు పట్టి, లింఫోసైట్లు శుభ్రంగా మిగిలిన పలుచనను. సెక్షన్‌కు 100 మైక్రోలీటర్లు వేసి, తడి పెట్టెలో గది ఉష్ణోగ్రత వద్ద 30 నుంచి 60 నిమిషాలు ఉంచండి. కిట్ కాగితంలో గది ఉష్ణోగ్రత అంటే 20 నుంచి 25 డిగ్రీలని అర్థం. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గదిలో కూర్చుని అదే మాటను నమ్ముకుంటే సెక్షన్ అంచులు ఆరిపోయి అక్కడ ముదురు చార పడుతుంది. అటువంటి రోజుల్లో తడి పెట్టెను ఫ్రిజ్‌లో 4 డిగ్రీల వద్ద రాత్రంతా ఉంచడం సురక్షితం.

ట్రిస్ బఫర్‌తో 5 నిమిషాల చొప్పున మూడుసార్లు కడగండి. తరువాత ఎలుక ఐజీజీని గుర్తించే యాంటీబాడీకి పెరాక్సిడేజ్ అంటించిన పాలిమర్ రియేజెంట్‌ను 30 నిమిషాలు వేసి మళ్లీ మూడుసార్లు కడగండి. పాత అవిడిన్-బయోటిన్ పద్ధతి ఇంకా వాడుతున్నవారు ఒక సంగతి గమనించాలి: కాలేయంలోనూ మూత్రపిండంలోనూ సహజంగానే బయోటిన్ ఎక్కువ. మన ముఖ్య కంట్రోలే కాలేయం కాబట్టి అక్కడ వచ్చే దొంగ రంగును చూసి పరీక్ష బాగుందనుకునే ప్రమాదం ఉంది. పాలిమర్ పద్ధతిలో ఈ బెడద లేదు.

డాబ్ (పెరాక్సిడేజ్ తగిలితే గోధుమ రంగునిచ్చే రసాయనం) ద్రావణాన్ని అప్పటికప్పుడు కలిపి 5 నుంచి 10 నిమిషాలు వేయండి. తొలిసారి మైక్రోస్కోప్ కింద చూస్తూ రంగు ఎప్పుడు నిండుతుందో గమనించి, తరువాత అన్ని స్లైడ్లకూ అదే సమయాన్ని పాటించండి. డాబ్ క్యాన్సర్ కారకమనే అనుమానం ఉంది కాబట్టి గ్లవ్స్ వేసుకోండి, మిగిలినదాన్ని సింకులో పోయకుండా విడిగా సేకరించండి. నీటితో కడిగి, కేంద్రకాలకు నీలం రంగునిచ్చే హిమటాక్సిలిన్ అర నిమిషం నుంచి నిమిషం వరకు వేసి, కుళాయి నీటిలో నీలం తేలనిచ్చి, ఆల్కహాల్, జైలీన్ మీదుగా డీపీఎక్స్ అనే జిగురు మాధ్యమంతో కవర్‌స్లిప్ అంటించండి.

నల్లని చర్మం తెచ్చే చిక్కు

పాశ్చాత్య ప్రోటోకాళ్లలో అంతగా ప్రస్తావన ఉండని చిక్కు ఒకటి మన దగ్గర రోజూ ఎదురవుతుంది. డాబ్ రంగు గోధుమ. మెలనిన్ కూడా గోధుమే. మన చర్మంలో అడుగు పొర కణాల్లో, చాలామంది చిగుళ్లలో కూడా మెలనిన్ నిండుగా ఉంటుంది. కె5/కె14 కోసం చూస్తున్నది సరిగ్గా ఆ అడుగు పొరే అయినప్పుడు ఏది రంగు, ఏది వర్ణకం అన్నది కళ్లతో తేల్చడం కష్టం. యాంటీబాడీ వేయని స్లైడును పక్కన పెట్టి పోల్చడం మొదటి ఉపాయం. రెండవది, హిమటాక్సిలిన్ బదులు గీంసా అనే రంజకం వాడటం. అప్పుడు మెలనిన్ ఆకుపచ్చ-నీలం వైపు మారి డాబ్ గోధుమగానే మిగులుతుంది. మూడవది, డాబ్ బదులు ఎర్ర రంగునిచ్చే ఏఈసీ వాడటం. అయితే ఏఈసీ ఆల్కహాల్‌లో కరిగిపోతుంది కాబట్టి స్లైడును ఆల్కహాల్‌లోకి దించకుండా నీటి ఆధారిత మాధ్యమంతోనే కవర్‌స్లిప్ పెట్టాలి.

ఉత్తరాంధ్ర తీరంలో చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ అలవాటు వల్ల అంగిలి మీద వచ్చే గాయాల బయాప్సీలలోనూ ఈ జాగ్రత్త అవసరం. ఆ ముక్కల్లో పై పొర కెరాటిన్ దట్టంగా పేరుకుని ఉంటుంది, ఆ పొర అంచుల్లో రియేజెంట్ చిక్కుకుని అసహజంగా ముదురు రంగు చూపుతుంది. పై పొర రంగును లెక్కలోకి తీసుకోకుండా, అడుగు పొర దాటి కింది సంధాయక కణజాలంలోకి విడివిడిగా దిగిన కణాలున్నాయా అన్నదే చూడండి.

ఫలితం చదవడం

కెరాటిన్ రంగు కణద్రవ్యంలో ఉండాలి. కేంద్రకం మాత్రమే రంగు పట్టుకుంటే అది పొరపాటే. కణజాలం కుళ్లిన చోట, ముక్క అంచుల వద్ద, మడతల్లో కనిపించే రంగును నమ్మవద్దు. మరొక వైపు, రంగు నిజమైనదే అయినా కణం ఉపకళ కానవసరం లేదు. లింఫ్ గ్రంథుల్లోని కొమ్మలు చాచిన రెటిక్యులం కణాల్లో కె8, కె18 ఉంటాయి. ఆకారం చూడకుండా వాటిని క్యాన్సర్ కణాలుగా చెప్పకూడదు. పొత్తికడుపు నీటిలో తేలే మీసోథీలియల్ కణాలు (పొత్తికడుపు లోపలి గోడను కప్పే పొర కణాలు) సహజంగానే కెరాటిన్ చూపుతాయి. మెదడులో ఏఈ1/ఏఈ3 ఆస్ట్రోసైట్లలోని (నాడీకణాలకు ఆసరాగా ఉండే కణాల్లోని) గ్లియల్ తంతు ప్రోటీన్‌ను కూడా తప్పుగా పట్టుకోవచ్చు కాబట్టి మెదడులోకి పాకిన క్యాన్సర్ కోసం చూసేటప్పుడు కామ్ 5.2 వంటి క్లోన్‌ను ఎంచుకోవడం మంచిది.

కామ్ 5.2 ముఖ్యంగా కె8ను పట్టుకుంటుంది. అందువల్ల కాలేయ కణాల క్యాన్సర్, మూత్రపిండ క్యాన్సర్ వంటివి ఏఈ1/ఏఈ3కు లొంగనప్పుడు ఇదే ఆధారం. దీనికి భిన్నంగా 34 బీటా ఈ12 క్లోన్ కె1, కె5, కె10, కె14 వంటి బరువైన కెరాటిన్ల వైపు చూస్తుంది. ప్రోస్టేట్ గ్రంథిలో అడుగు వరుస కణాలున్నాయో లేవో తేల్చడానికి అది వాడతారు. క్యాన్సర్ గ్రంథుల చుట్టూ ఆ వరుస ఉండదు. క్యాన్సర్ ఎక్కడ పుట్టిందో తెలియనప్పుడు కె7, కె20 జంట దారి చూపుతుంది: పెద్దపేగు క్యాన్సర్‌లో సాధారణంగా కె20 ఉండి కె7 ఉండదు, ఊపిరితిత్తుల అడినోకార్సినోమాలో (గ్రంథి కణాల తరహా క్యాన్సర్‌లో) కె7 ఉండి కె20 ఉండదు. చర్మంలో వచ్చే మెర్కెల్ కణాల క్యాన్సర్‌లో కె20 కేంద్రకం పక్కన చిన్న చుక్కలా కనిపిస్తుంది, ఒకసారి చూస్తే మరిచిపోలేం.

కాలేయం గోధుమ రంగు పట్టకుండా మిగిలినప్పుడు వెతకవలసిన వరుస ఇది. ముందుగా పిత్తనాళాలు చూడండి. అవి కూడా రంగు పట్టకుండా ఉంటే మొత్తం పద్ధతిలోనే లోపం ఉంది: డాబ్, పాలిమర్, అజైడ్, ఈ మూడింటినీ అనుమానించాలి. పిత్తనాళాలు ముదురుగా ఉండి కాలేయ కణాలు మాత్రమే రంగు పట్టకుండా ఉంటే లోపం సున్నితత్వంలో ఉంది. రిట్రీవల్ బఫర్ పీహెచ్‌ను మీటరుతో కొలిచి, నిజంగా 9 ఉందో లేదో చూడండి, వేడి సమయాన్ని 10 నిమిషాలు పెంచండి. అప్పటికీ మారకపోతే యాంటీబాడీ గాఢతను రెట్టింపు చేయండి. ఈ మార్పులను ఒక్కొక్కటిగానే చేసి, ప్రతిదానికీ కంట్రోల్ స్లైడును దాచి ఉంచండి. కాలేయం రంగు తేలేవరకు ఆ రోజు రోగి స్లైడ్లలో కెరాటిన్ లేదని రిపోర్టు రాయకండి.